లినక్స్ మెట్ల దారి

లినక్స్ అంటే కంప్యూటర్ యంత్రానికీ, దాని మీద నడిచే ప్రోగ్రాములకీ మధ్య ఉండి పని చేయించే మూల ప్రోగ్రాము. దీన్ని కెర్నెల్ అంటారు. మెమరీలో ఎవరికి ఎంత చోటు ఇవ్వాలి, ప్రాసెసర్ ముందు ఎవరి పని చూడాలి, డిస్కులో ఏ ఫైలు ఎక్కడ ఉంది అనే పంపకాలన్నీ కెర్నెల్ చేతిలోనే ఉంటాయి. తిరుమల వెళ్లడానికి అలిపిరి పాదాల మండపం దగ్గర కొబ్బరికాయ కొట్టి 3,550 మెట్ల దారి పట్టే భక్తుల చేతుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి అడుగునా ఉన్నది ఈ కెర్నెలే. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 సూపర్ కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నుంచి ప్రతి ఒక్కటీ దీని మీదే నడుస్తోంది. ఇంటర్నెట్‌లో వెబ్‌సైట్లను అందించే సర్వర్లలోనూ అత్యధికం దీని మీదే నడుస్తాయి. అంటే జేబులోని ఫోనులోనూ, ఎక్కడో ఉన్న సర్వర్‌లోనూ లినక్స్ ఉంది. ఇంట్లో బల్ల మీది కంప్యూటర్‌లో మాత్రం చాలామంది దాన్ని చూసి ఉండరు.

చూడటానికి ఇప్పుడొక కారణం కూడా కలిసొచ్చింది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇస్తూ వచ్చిన ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు, కొంచెం కొత్త తరం ప్రాసెసర్ కావాలి. 2018కి ముందు కొన్న ల్యాప్‌టాప్‌లు చాలా వరకు ఆ పరీక్షలో నెగ్గవు. తెర బాగానే ఉంటుంది, కీబోర్డు బాగానే ఉంటుంది, అయినా యంత్రం మూలన పడుతుంది. అలాంటి యంత్రమే లినక్స్ నేర్చుకోవడానికి అన్నిటికన్నా మంచి పలక. దాని మీద నేర్చుకున్నది ఇంటితో ఆగిపోదు. రేపు హైదరాబాద్ డేటా సెంటర్‌లో ఒక సర్వర్ అద్దెకు తీసుకున్నా అవే ఆదేశాలు, అవే ఫోల్డర్లు, అవే జాగ్రత్తలు.

కథ పాతదే. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఎవరైనా వాడుకోగల, చదవగల, మార్చుకోగల, పంచుకోగల పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ రాయాలన్నది దాని ఉద్దేశం. పనిముట్లు చాలా తయారయ్యాయి, కెర్నెల్ మాత్రం కుదరలేదు. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తాను ఒక కెర్నెల్ రాస్తున్నట్టు నెట్‌లో తెలియజేశాడు. అప్పటికి అతని వయసు 21. మరుసటి ఏడాది దాన్ని గ్నూ వారి జీపీఎల్ లైసెన్సు కిందికి తెచ్చాడు. మార్పులు చేసి పంచిపెట్టేవారు ఆ మార్పుల మూలాన్ని కూడా పంచాలని ఆ లైసెన్సు చెబుతుంది. ఇంగ్లిషులో 'ఫ్రీ' అన్న మాటకు ఉచితం అనే అర్థమూ ఉంది, స్వేచ్ఛ అనే అర్థమూ ఉంది. అందుకే ఆ ఉద్యమం వాళ్లు ప్రతిసారీ వివరణ ఇచ్చుకోవలసి వచ్చేది. తెలుగులో ఆ చిక్కు లేదు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చినవారు దానికి 'స్వేచ్ఛ' అనే పేరు పెట్టుకున్నారు. ఆ సంస్థ పేరూ అదే. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 2007 జనవరిలో డెబియన్ ఆధారంగా బాస్ లినక్స్‌ను విడుదల చేసింది. అందులోనూ తెలుగు ఉంది. కేరళలో ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్ పాఠాలు ఏళ్లుగా లినక్స్ మీదే సాగుతున్నాయి. ఈ-కోర్టుల ప్రాజెక్టు కింద దేశంలోని జిల్లా న్యాయవ్యవస్థకు ఉబుంటు లినక్స్ వచ్చింది. లినక్స్ ప్రోగ్రామర్లకు మాత్రమే చెందిన వస్తువు కాదని చెప్పడానికి ఇవి చాలు.

ఏ లినక్స్?

కెర్నెల్ ఒక్కటే ఉంటే మనిషికి పనికిరాదు. దానికి తెర, ఫైల్ మేనేజర్, బ్రౌజర్, అప్‌డేట్లు పంపే ఏర్పాటు అన్నీ జోడించి వాడుకకు సిద్ధం చేసిన మూటను డిస్ట్రో అంటారు. వందల కొద్దీ ఉన్నాయి. కొత్తవారు అసలు బెదిరిపోయేది ఇక్కడే. నిజానికి ఎంపిక చాలా చిన్నది. 1993లో మొదలైన డెబియన్ ఒక పెద్ద కుటుంబానికి మూలం. 2004లో వచ్చిన ఉబుంటు దాని పిల్ల. 2006లో వచ్చిన లినక్స్ మింట్ ఉబుంటు పిల్ల. రెండో పెద్ద కుటుంబం రెడ్‌హ్యాట్‌ది. ఫెడోరా, ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ ఆ వైపువి.

ఇంట్లో వాడేవారికి మింట్ గానీ, ఉబుంటు ఎల్‌టీఎస్ గానీ సరిపోతుంది. విండోస్ అలవాటు ఉన్న కంటికి మింట్ దగ్గరగా ఉంటుంది. కింద పట్టీ, ఎడమ మూలన మెనూ. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్న పాత యంత్రమైతే మింట్‌లోనే ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక రకం ఎంచుకోవాలి. ఎల్‌టీఎస్ అంటే దీర్ఘకాలం మద్దతు ఉండే విడుదల. ఉబుంటు వాళ్లు రెండేళ్లకు ఒకసారి ఏప్రిల్‌లో దాన్ని తెస్తారు, ఐదేళ్లు భద్రతా సవరణలు ఇస్తారు. ఇంట్లో మింట్, సర్వర్ మీద డెబియన్ లేదా ఉబుంటు పెట్టుకుంటే రెండూ ఒకే కుటుంబం కాబట్టి ఒకసారి నేర్చుకున్నది రెండు చోట్లా పనికొస్తుంది. కొత్తవారికి ఇంతకన్నా మేలైన జోడీ లేదు.

ముందు రుచి, తర్వాత వడ్డన

లినక్స్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడొచ్చు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కావాలి. డిస్ట్రో మొత్తం ఇమిడి ఉండే ఐఎస్ఓ ఫైలును దాని సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోవాలి. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్, బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రాముతో రాయాలి. రాసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నదంతా పోతుంది. తర్వాత యంత్రాన్ని రీస్టార్ట్ చేసి, కంపెనీని బట్టి ఎఫ్2, ఎఫ్9, ఎఫ్12 వంటి మీట నొక్కి, యూఎస్‌బీ నుంచి మొదలుపెట్టమనాలి. రెండు మూడు నిమిషాల్లో లినక్స్ తెర వస్తుంది. హార్డ్ డిస్క్ జోలికి అది ఇంకా పోలేదు. పెన్‌డ్రైవ్ తీసేసి రీస్టార్ట్ చేస్తే పాత విండోస్ యథాతథంగా వస్తుంది.

ఈ లైవ్ తెర మీద ఒక అరగంట గడపడం అవసరం. వైఫై దొరుకుతోందా, స్పీకర్ మోగుతోందా, కెమెరా, టచ్‌ప్యాడ్, తెర వెలుగు తగ్గించే మీటలు, బ్లూటూత్ పనిచేస్తున్నాయా చూడాలి. కొన్ని వైఫై చిప్పులకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి, అందుకు ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు వైఫై కావాలి. ఆ సందులో చిక్కుకున్నప్పుడు ఆండ్రాయిడ్ ఫోనును యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ పెడితే చాలు, యంత్రానికి నెట్ వచ్చేస్తుంది.

అదే అరగంటలో ఇంకో పని తేల్చుకోవాలి: ఈ యంత్రం మీద రోజూ జరిగే పనులేమిటి? బ్రౌజర్, ఈమెయిల్, వీడియోలు, లెక్కల షీట్లు, ఉత్తరాలు అయితే బెంగ లేదు. ఫైర్‌ఫాక్స్, లిబ్రే ఆఫీస్, వీఎల్‌సీ అన్నీ లినక్స్‌కు దొరుకుతాయి. టాలీ మీద షాపు లెక్కలు రాసేవారికి మాత్రం విండోసే కావాలి, ఎందుకంటే టాలీకి లినక్స్ రూపం లేదు. వేలిముద్ర తీసుకునే పరికరాల సర్వీసులు ఎక్కువగా విండోస్, ఆండ్రాయిడ్‌లకే వస్తాయి. జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్‌కు కాప్ట్ అనే ప్రత్యేక డ్రైవర్ కావాలి. లినక్స్ మీద దాన్ని నిలబెట్టడానికి ఓపిక కావాలి. హెచ్‌పీ ప్రింటర్లతో సాధారణంగా ఆ ఇబ్బంది ఉండదు.

డీటీపీ సెంటర్ల సంగతి కాస్త విడమరిచి చెప్పాలి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు వేసే చోట ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, దాని మీద అను ఫాంట్లు రాజ్యమేలాయి. అను లిపి, ప్రతి భాష అక్షరాలకూ విడిగా స్థానం ఇచ్చే యూనికోడ్ కాదు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లోనే తెలుగు ముక్కలను కూర్చిన పద్ధతి అది. ఆ ఫాంట్ లేని యంత్రంలో ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. ఇది లినక్స్ తప్పు కాదు, ఆ ఫాంట్ లేని విండోస్‌లోనూ అదే జరుగుతుంది. అను నుంచి యూనికోడ్‌కు మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చిన పాఠాన్ని ఒకసారి కంటితో చదివి దిద్దుకోవాలి. లినక్స్‌లో పేజీలు కూర్చడానికి స్క్రైబస్ ఉంది, దాని 1.6 రూపం తెలుగు ఒత్తులను సరిగ్గా కూరుస్తుంది. అయినా రోజుకు పది శుభలేఖలు ఇవ్వాల్సిన మనిషిని రాత్రికి రాత్రి మారమనడం న్యాయం కాదు. అలాంటి చోట పాత యంత్రాన్ని అలాగే ఉంచి, రెండో యంత్రం మీద లినక్స్ మొదలుపెట్టడం మంచిది. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి తెచ్చుకునే పని మాత్రం వాయిదా వేయకూడదు. ఏ సిస్టమ్ వాడినా అది ఎప్పటికైనా చేయక తప్పని పని.

డిస్కులోకి దించడం

ఇన్‌స్టాల్ చేసే ముందు ఫోటోలు, పత్రాలు, సర్టిఫికెట్లు వేరే డిస్కులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో చూడాలి. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నల్లో ప్రమాదకరమైనది ఒక్కటే: డిస్కు మొత్తం చెరిపేసి పెట్టాలా, విండోస్ పక్కన పెట్టాలా? యంత్రం పూర్తిగా లినక్స్‌కే అంకితం అయితే మొదటిది తేలిక, శుభ్రం కూడా. రెండూ ఉండాలంటే విండోస్‌లో ఉన్నప్పుడే అక్కడి డిస్క్ మేనేజ్‌మెంట్‌తో సీ డ్రైవ్‌ను కుదించి, కనీసం 40 జీబీ ఖాళీ చోటు వదిలి, ఆ ఖాళీలోనే లినక్స్ పెట్టుకోవాలి. విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్ ఆపేయాలి. లేదంటే విండోస్ సగం నిద్రలో ఉండి డిస్కును పట్టుకుని ఉంటుంది.

చాలామందికి ముందుగా తెలియని ఉచ్చు బిట్‌లాకర్. కొత్త ల్యాప్‌టాప్‌లలో విండోస్ డిస్కుకు తనంతట తానే తాళం వేసి ఉంచుతుంది. బూట్ క్రమం మారగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. దాన్ని ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాకే పార్టిషన్ల మీద చెయ్యి వేయాలి.

మిగతాదంతా ఊరు, భాష, పేరు, పాస్‌వర్డ్ అడిగే తెరలే. పావుగంట, అరగంటలో పూర్తవుతుంది. రెండూ పెట్టుకుంటే, ఆ తర్వాత యంత్రం ఆన్ చేసినప్పుడల్లా గ్రబ్ అనే పట్టిక వచ్చి, లినక్స్ కావాలా విండోస్ కావాలా అని అడుగుతుంది.

తెలుగు

యూనికోడ్ మొదటి సంచిక 1991 అక్టోబరులో వచ్చింది. తెలుగు అందులోనే ఉంది. లినక్స్ పుట్టిన ఏడాదీ అదే. అయితే చోటు దొరికినంత మాత్రాన అక్షరం తెర మీద కుదురుగా నిలవదు. ఫాంటు కావాలి. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను తయారుచేసి స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చారు. డెబియన్ తెలుగు ఫాంట్ల ప్యాకేజీలో అవి ఈనాటికీ ఉన్నాయి. రెడ్‌హ్యాట్ లోహిత్ తెలుగు ఇచ్చింది. తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, సూరన్న వంటి ఫాంట్లు వచ్చాయి. ఇవాళ లినక్స్‌లో తెలుగు పేజీ తెరవగానే చక్కగా కనిపిస్తోందంటే వెనక ఇంతమంది కష్టం ఉంది.

టైపు చేయడానికి సెట్టింగుల్లో కీబోర్డు విభాగంలోకి వెళ్లి తెలుగు చేర్చుకుంటే చాలు, ఇన్‌స్క్రిప్ట్ అమరిక వచ్చేస్తుంది. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతాలు. కుడి వైపు హల్లులు. 'శ్రీ' రాయాలంటే షిఫ్ట్ పట్టుకుని ఎమ్ నొక్కితే శ, డీ నొక్కితే పొల్లు, జే నొక్కితే ర, ఆర్ నొక్కితే గుడిదీర్ఘం. నాలుగు మీటలకు నాలుగు ముక్కలు వస్తాయి. వాటిని ఒక్క 'శ్రీ'గా అల్లే పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగుతో తెలుగు రాయడం అలవాటైనవారికి ఐబస్ అనే ప్రోగ్రాము ద్వారా ఆ పద్ధతీ దొరుకుతుంది. కానీ పదిహేను రోజులు ఓర్చుకుని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్న వేళ్లు వేగంలో వెనకబడవు. పైగా అదే అమరిక హిందీకీ, కన్నడకీ, ఇతర భారతీయ భాషలకీ వర్తిస్తుంది. తమిళం, కన్నడం సరిహద్దులో ఉన్న చిత్తూరు వంటి ప్రాంతంలో ఇది చిన్న లాభం కాదు.

నల్ల తెర

టెర్మినల్ అనే నల్ల తెరలో ఆదేశం టైపు చేసి ఎంటర్ నొక్కితే పని జరుగుతుంది. రోజువారీ వాడుకకు అది తప్పనిసరి కాదు. సర్వర్ వైపు వెళ్లాలనుకునేవారికి మాత్రం అదే అసలు బడి. ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో రాసినా, టైపు చేయాల్సింది ఇంగ్లిషు చిన్న అక్షరాల్లోనే. పీడబ్ల్యూడీ అంటే ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెబుతుంది. ఎల్ఎస్ అక్కడున్న ఫైళ్లు చూపిస్తుంది. సీడీ మరో ఫోల్డర్‌కు తీసుకుపోతుంది. సీపీ కాపీ చేస్తుంది, ఎమ్‌వీ జరుపుతుంది లేదా పేరు మారుస్తుంది, ఆర్ఎమ్ చెరిపేస్తుంది. ఆర్ఎమ్‌తో పోయింది చెత్తబుట్టలోకి వెళ్లదు, శాశ్వతంగా పోతుంది. ఈ ఆరింటితో ఒక వారం తిరిగితే భయం పోతుంది. పేరు సగం టైపు చేసి ట్యాబ్ నొక్కితే మిగతా సగం అదే నింపుతుంది. పై బాణం నొక్కితే పాత ఆదేశం తిరిగి వస్తుంది.

తెలుగువారు చేసి చూడాల్సిన చిన్న ప్రయోగం ఒకటి ఉంది. ఒక ఫైలులో 'శ్రీ' అని మాత్రమే రాసి డబ్ల్యూసీ అనే లెక్క ఆదేశాన్ని అక్షరాలు, బైట్లు అడిగే ఆప్షన్లతో ఇస్తే అక్షరాలు 5, బైట్లు 13 అంటుంది. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం నాలుగు. చివరి లైను గుర్తు ఒకటి. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు కాబట్టి 12, లైను గుర్తుకు 1. కంటికి ఒకటిగా కనిపించే అక్షరం లోపల ఎలా దాచి ఉందో ఇంత స్పష్టంగా చూపించే పాఠం మరొకటి లేదు. అయితే ఆ నల్ల తెర మీదే తెలుగు ఒత్తులు విడిపోయి, ఒకదాని మీద ఒకటి పడి కనిపించవచ్చు. టెర్మినల్ ప్రతి అక్షరానికీ సమానమైన గడి కేటాయిస్తుంది, తెలుగు ఆ గడుల్లో ఇమడదు. ఫైలు పాడవలేదు, చూపించే తీరు మాత్రమే అలా ఉంది. ఇది తెలుగు యువకులు పూనుకుని సరిచేయాల్సిన లోటు.

ప్రోగ్రాములు పెట్టుకోవడం లినక్స్‌లో నిశ్చింతగా ఉంటుంది. ఎక్కడెక్కడి వెబ్‌సైట్ల నుంచో ఫైళ్లు దించనక్కర్లేదు. డిస్ట్రో వాళ్లు పరీక్షించి సంతకం చేసిన ప్యాకేజీలు ఒక భాండాగారంలో ఉంటాయి. సుడో ఆప్ట్ అప్‌డేట్ అంటే ఆ జాబితా తాజా అవుతుంది, సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్ అంటే యంత్రంలోని ప్రోగ్రాములన్నీ ఒకేసారి కొత్తవవుతాయి. సుడో అంటే ఆ ఒక్క ఆదేశానికి యజమాని అధికారం అడగడం. అది పాస్‌వర్డ్ అడిగినప్పుడు టైపు చేస్తుంటే చాలా డిస్ట్రోలలో చుక్కలు కూడా కనిపించవు. కీబోర్డు పాడైందని కంగారు పడాల్సిన పని లేదు, టైపు చేసి ఎంటర్ నొక్కాలి.

అనుమతుల లెక్క కూడా ఇక్కడే తెలుసుకోవాలి. ప్రతి ఫైలుకూ యజమాని, గుంపు, ఇతరులు అని మూడు వర్గాలు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. 755 అంటే యజమానికి మూడూ కలిపి 7, మిగతా ఇద్దరికీ చదవడం, నడపడం కలిపి 5. ఏదో పనిచేయడం లేదని 777 పెట్టేయమని సలహా ఇచ్చేవారు తరచూ తగులుతుంటారు. దాని అర్థం ఎవరైనా వచ్చి ఏమైనా రాసిపోవచ్చని. ఆ సలహా ఎప్పుడూ వినకూడదు.

అద్దె సర్వర్: మొదటి గంట

సర్వర్ అంటే వేరే జాతి యంత్రం కాదు. తెర, మౌస్ లేకుండా, రాత్రింబవళ్లు ఆన్‌లో ఉండే లినక్స్ కంప్యూటర్. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తన క్లౌడ్ ప్రాంతాన్ని తెరిచింది. తిరుపతిలో కూర్చున్న విద్యార్థి తెలుగు నేల మీదున్న యంత్రాన్నే గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. అంతకన్నా ముందు ఇంట్లోని పాత ల్యాప్‌టాప్‌నే సర్వర్‌గా మార్చి సాధన చేస్తే ఖర్చు ఉండదు. బ్యాటరీ బాగుంటే కరెంటు పోయినా నిలబడుతుంది కూడా.

అద్దె యంత్రానికి పబ్లిక్ ఐపీ చిరునామా వచ్చిన కొద్ది నిమిషాల్లోనే తెలియని చోట్ల నుంచి తలుపు తట్టడం మొదలవుతుంది. అది ఆ ఒక్క యంత్రం మీద పగ కాదు. ఇంటర్నెట్ మొత్తాన్నీ గాలించే ప్రోగ్రాములు రూట్, అడ్మిన్, టెస్ట్ లాంటి పేర్లతో పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తూ ఉంటాయి. జరిగినవన్నీ సర్వర్ నమోదు చేసుకునే లాగ్ తెరిస్తే ఆ విఫల ప్రయత్నాలు వరుసగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినవారికి గుండె ఝల్లుమంటుంది. అందుకే మొదటి గంట పని అంతా తలుపులకు సంబంధించిందే.

ముందుగా అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతా కాకుండా సొంత పేరుతో ఒక వాడుకరిని సృష్టించి సుడో గుంపులో చేర్చాలి. తర్వాత తాళాలు. సర్వర్‌లోకి దూరం నుంచి వెళ్లే దారి ఎస్ఎస్‌హెచ్. పాస్‌వర్డ్‌తో వెళ్లడం కన్నా కీ జతతో వెళ్లడం ఎన్నో రెట్లు గట్టిది. ఇంటి యంత్రం మీద ఎస్ఎస్‌హెచ్-కీజెన్ ఆదేశంతో ఈడీ25519 రకం జత తయారవుతుంది. అందులో ప్రైవేటు కీ ఇల్లు దాటకూడదు, పబ్లిక్ కీ మాత్రమే సర్వర్‌కు చేరాలి. కీతో లోపలికి వెళ్లగలుగుతున్నామని రూఢి చేసుకున్నాకే సర్వర్‌లో పాస్‌వర్డ్ ప్రవేశాన్ని ఆపేయాలి. ఇక్కడ క్రమం ప్రాణం. తెరిచి ఉన్న టెర్మినల్ కిటికీని మూయకుండానే రెండో కిటికీ తెరిచి కొత్త పద్ధతిలో ప్రవేశం పరీక్షించాలి. అది కుదిరితేనే మొదటిది మూయాలి. ఈ ఒక్క అలవాటు లేక సొంత సర్వర్ బయట తామే నిలబడిపోయినవారు ఎందరో.

తర్వాత ఫైర్‌వాల్. అలిపిరి టోల్‌గేట్ దగ్గర కొండ ఎక్కే ప్రతి వాహనాన్నీ ఆపి, సామాను చూసి, మద్యం, సిగరెట్లు, మాంసం వంటివి పైకి పోకుండా ఆపుతారు. ఫైర్‌వాల్ పని అచ్చంగా అదే. పోర్టులనే అంకెల తలుపుల్లో దేని గుండా ఏది లోపలికి రావచ్చో అది నిర్ణయిస్తుంది. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ అనే తేలిక పనిముట్టు ఉంది. ఎస్ఎస్‌హెచ్ కోసం 22, వెబ్‌సైట్ కోసం 80, 443 మాత్రం అనుమతించి మిగతావి మూసేయాలి. 22కు అనుమతి ఇచ్చాకే ఫైర్‌వాల్ ఆన్ చేయాలి.

అయితే కొండకు అలిపిరి ఒక్కటే దారి కాదు, చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు కూడా ఉంది. ఒక చోట తనిఖీ పెట్టి రెండో చోట వదిలేస్తే ఫలితం ఉండదు. సర్వర్‌కూ అలాంటి రెండో దారులు ఉంటాయి. పాత తరం చిరునామాలైన ఐపీవీ4కు నియమాలు రాసి కొత్త తరం ఐపీవీ6ను మరవడం ఒకటి. డాకర్ అనే పనిముట్టుతో నడిపే ప్రోగ్రాములు బయటికి తెరిచే పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటుకుని పోవడం మరొకటి. డేటాబేస్ ఇలా అందరికీ తెరుచుకుని ఉండిపోవడం తరచూ జరిగే ప్రమాదం. క్లౌడ్ సంస్థ ఇచ్చే ఫైర్‌వాల్‌ను కూడా పైన ఒక పొరగా పెట్టుకోవాలి. ఆ తర్వాత బయటి నుంచి, మరో యంత్రం మీద నుంచి పరీక్షించాలి.

మిగిలినవి త్వరగా అయిపోతాయి. అన్అటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ భద్రతా సవరణలను తనంతట తానే వేసుకుంటుంది. సర్వర్ గడియారం మామూలుగా యూటీసీలో, అంటే మన సమయం కన్నా అయిదున్నర గంటలు వెనక ఉంటుంది. టైమ్‌డేట్‌సీటీఎల్‌తో ఆసియా/కోల్‌కతాకు మార్చుకుంటే లాగ్‌లు చదవడం తేలిక. వెబ్‌సైట్‌కు ఎన్‌జినెక్స్ గానీ అపాచీ గానీ పెట్టి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ తెచ్చుకుంటే బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య సాగేదంతా గుప్తంగా ఉంటుంది. ఆ సర్టిఫికెట్‌ను వేళకు పునరుద్ధరించే పని సెర్ట్‌బాట్ చూసుకుంటుంది.

సైటు ఆగిపోయిన రోజున ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ అని సర్వీసు పేరు ఇస్తే అది నడుస్తోందో పడిపోయిందో చెబుతుంది. జర్నల్‌సీటీఎల్ ఎందుకు పడిపోయిందో చెబుతుంది. డీఎఫ్ ఆదేశం డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూపిస్తుంది. లాగ్‌లు పెరిగి పెరిగి డిస్కు నిండిపోవడం, దాంతో డేటాబేస్ రాయలేక ఆగిపోవడం చాలా మామూలు కారణం. వెంటనే రీస్టార్ట్ చేస్తే కారణం తెలియకుండానే పోతుంది. ముందు చదవాలి, తర్వాత ముట్టుకోవాలి.

బ్యాకప్ విషయంలో ఒక్క నియమం: అదే యంత్రంలో ఉన్న కాపీ బ్యాకప్ కాదు. రాత్రి ఫలానా వేళకు, పనులను వేళకు నడిపే క్రాన్ ద్వారా ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ నడిచి, డేటాబేస్ కాపీతో సహా మరో ఊళ్లోని యంత్రానికి పంపేలా పెట్టుకోవాలి. నెలకొకసారి ఆ కాపీని ఖాళీ యంత్రం మీద దించి సైటు లేస్తోందో లేదో చూడాలి. లేవని బ్యాకప్ ఉన్నా లేనట్టే.

చివరగా గడువు తేదీ. సర్వర్ల మీద ఎంతో నమ్మకంగా నడిచిన సెంటోస్ 7కు 2024 జూన్ 30తో సవరణలు ఆగిపోయాయి. వాడుతున్నవారు ఆల్మా, రాకీల వైపో, డెబియన్ వైపో తరలాల్సి వచ్చింది. ముందే తేదీ చూసుకున్నవారు తీరుబడిగా మారారు. ఉబుంటు 24.04 పెట్టుకున్నవారికి మామూలు మద్దతు 2029 దాకా ఉంటుంది. సర్వర్ పెట్టిన రోజునే ఆ తేదీని గోడ క్యాలెండర్‌లోనో, ఫోనులోనో రాసి, దానికి ఆరు నెలల ముందు కొత్త విడుదలను పక్క యంత్రం మీద పరీక్షించడం మొదలుపెట్టాలి.